అండమాన్ ప్యాకేజీకి ఓ మాదిరి మార్కులు, నీల్ ద్వీపం హోమ్‌స్టేకి పూర్తి మార్కులు

విశాఖ ద్వారకానగర్‌లో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో బుక్ చేసుకుని ఫిబ్రవరిలో ఇంటిల్లిపాదీ అండమాన్ వెళ్ళొచ్చాం. అమ్మ, నాన్న, అన్నయ్య వాళ్ళు, మేము, పిల్లలు, అంటే పెద్ద గుంపే. వాళ్ళ ప్యాకేజీ గురించీ, ఆ ప్యాకేజీ చివర్లో ఏదో కొసరు వేసినట్టు ఇచ్చిన నీల్ ద్వీపం హోమ్‌స్టే గురించీ ఇది. ట్రావెల్స్ వాళ్ళ పని ఓ మాదిరి, హోమ్‌స్టే మాత్రం బ్రహ్మాండం. ట్రావెల్స్ పేరు ఎందుకు రాయట్లేదంటే జరిగిన లోపాల్లో సగం వాళ్ళు తర్వాత సరిచేశారు. హోమ్‌స్టే పేరు రాయకపోవడం మాత్రం శుద్ధ స్వార్థం, ఉన్నవే నాలుగు గదులు, మళ్ళీ మాకు దొరకాలి కదా.

మొదట వాళ్ళిచ్చిన షెడ్యూలు చూస్తేనే టెన్షన్ వచ్చింది. రోజుకి ఇన్ని పాయింట్లు అని లెక్క, ప్రతిరోజూ తెల్లవారకముందే లేవాలి, ప్రతి చోటా నలభై నిమిషాలు. అందులో బారాటాంగ్ ఒకటి. దానికి జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర చీకట్లోనే బళ్ళు వరసకట్టాలి, కాన్వాయ్‌గా వదులుతారు, దారంతా జారవాలనే ఆదివాసుల రిజర్వు అడవి, ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు. మనం వెళ్ళేది సున్నపురాయి గుహలు చూడ్డానికే అంటారు గానీ, బళ్ళలో చాలామంది కళ్ళు రోడ్డు పక్కన మనుషులు కనపడతారేమో అని వెతుకుతుంటాయని ముందు వెళ్ళొచ్చిన వాళ్ళే చెప్పారు. నాకది నచ్చలేదు. పైగా అమ్మ మోకాళ్ళు. తీసెయ్యండి అంటే ఆఫీసులో కుర్రాడు "అది లేకపోతే ఇంకేముంది మేడమ్ అండమాన్‌లో" అన్నాడు. అయినా తీయించి, ఆ రోజు కూడా నీల్‌కే కలిపించాను. ఈ ట్రిప్పులో మేం చేసిన తెలివైన పని ఇదే.

"సముద్రం పక్కనే పుట్టి పెరిగి, మళ్ళీ సముద్రం చూడ్డానికి అంత దూరమా" అని మా పిన్ని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. 2020లో మన రుషికొండకీ, అండమాన్‌లో హావ్‌లాక్ ద్వీపంలోని రాధానగర్ బీచ్‌కీ ఒకే విడతలో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే గుర్తింపు వచ్చింది, కాబట్టి బీచ్ కోసమే అయితే ఎంవీపీ కాలనీ నుంచి స్కూటర్ మీద పోతే సరిపోయేది. కానీ ఇక్కడ బీచ్‌కి వెళ్ళడమంటే ఏమిటి? సాయంత్రం ఒక గంట, ముంత మసాలా, పార్కింగ్ గొడవ, ఎనిమిదింటికల్లా ఇల్లు. అమ్మానాన్న గాజువాకలో, మేం ఎంవీపీలో, ఒకే ఊళ్ళో ఉన్నా పండక్కో పెళ్ళికో తప్ప తీరిగ్గా కూర్చున్నది లేదు. అన్నయ్యయితే పుణెలో, ఫోన్లో కూడా సగం మాట దగ్గరే "ఇంకో కాల్ వస్తోందే" అని పెట్టేస్తాడు. అందర్నీ ఒకచోట కట్టిపడేసే జాగా కావాలి, అంతే.

నాన్న పోర్టులో చేసి రిటైరయ్యారు. విశాఖ నుంచి అండమాన్‌కి ప్రభుత్వ ఓడ ఉందనీ, దాదాపు 1200 కిలోమీటర్లనీ, రెండు రోజుల పైన పడుతుందనీ ఆయన దగ్గర వివరాలన్నీ ఉన్నాయి, వెళ్తే ఓడలోనే వెళ్దామని పట్టు. కానీ చెన్నై, కోల్‌కతా నుంచి తిరిగినట్టు మన దగ్గర్నుంచి ఓడలు తరచుగా ఉండవు. ఉన్న తేదీకీ పిల్లల పరీక్షలకీ పొత్తు కుదరలేదు. చివరికి చెన్నైలో మారి విమానంలోనే వెళ్ళాం. నాన్న కిటికీ సీటు తీసుకుని మొహం అటు తిప్పుకున్నారు.

పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ అక్కడ టాక్సీవాడి దగ్గర్నుంచి హోటల్ బిల్లు దాకా మాకు వినపడింది పాత పేరే, నేనూ అదే రాస్తాను. ట్రావెల్స్ వాళ్ళు "లిఫ్ట్ ఉంది మేడమ్" అని ఒకటికి రెండుసార్లు చెప్పిన హోటల్‌లో లిఫ్ట్ లేదు. మా గదులు మూడో అంతస్తు. అమ్మ మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చేస్తే మొదట "అక్కడి మా పార్టనర్‌తో మాట్లాడతాం", తర్వాత "సీజన్ కదా మేడమ్". గట్టిగా అడిగాక మర్నాడు కింద గది ఇచ్చారు, పక్కనే జనరేటర్. ఊరికి తిరిగొచ్చాక ఆ హోటల్ డబ్బుల్లో కొంత వెనక్కిచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి.

వాళ్ళు పెట్టిన డ్రైవర్ మాత్రం బంగారం. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారట. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు చాలామందే, 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో వందకి 13 మంది తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు. జంగ్లీఘాట్ వైపు వెళ్తే వలలు బాగుచేసుకుంటూ మన యాసలోనే తిట్టుకుంటున్నారు, అమ్మకి ప్రాణం లేచొచ్చింది. డ్రైవర్ నాన్నని "బాబుగారూ" అని, నన్ను "అక్కా" అని, ప్యాకేజీలో రాసిన రెస్టారెంట్ పక్కనపెట్టి తనకి తెలిసిన మెస్‌కి తీసుకెళ్ళాడు. చారు, వేపిన చేప, అప్పడం. ఇంకేం కావాలి?

సెల్యులార్ జైలు ఎవరైనా చూడాల్సిందే, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. 1906కి కట్టడం పూర్తయింది, ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. గైడు చెప్పని సంగతి ఒకటి నాన్న చెప్పారు, కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి గారు ఇక్కడే శిక్ష అనుభవించారని. మా మేనల్లుడు ఆ ఇంటిపేరు విని మొదట నవ్వాడు, తర్వాత ఒక ఖైదీ గదిలోకి వెళ్ళి తలుపు ఎలా పడుతుందో చూసొచ్చి ఇంకేం మాట్లాడలేదు. హావ్‌లాక్ ఒక రాత్రి. రాధానగర్ నిజంగా అందమే, కాకపోతే రిసార్టు వాడు ఆ ఒక్క రాత్రికి గుంజిన దాంతో నీల్‌లో ఇంకో రెండు రాత్రులు ఉండొచ్చు.

ఇక నీల్. 2018లో షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. చిన్న ద్వీపం, ఇక్కడి ఊళ్ళ పేర్లు వింటే ఎవరో రామాయణం ముందేసుకుని పెట్టినట్టుంటాయి: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. అప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకి ప్రభుత్వం భూములిచ్చి స్థిరపరిచిన చోటు, ద్వీపాలకి కూరగాయలు పంపేది ఎక్కువగా వీళ్ళే. మా హోమ్‌స్టే కూడా ఒక బెంగాలీ దంపతులదే, వెనక పోకచెట్లు, వంకాయ మళ్ళు, ముందు ఒక పొడుగాటి వరండా. గదుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు, శుభ్రంగా ఉన్నాయి, దోమతెరలు ఉన్నాయి, వేడినీళ్ళు కావాలంటే బకెట్టుతో తెచ్చిస్తారు. ఏసీ ఒక్క గదిలోనే, అది అమ్మానాన్నకిచ్చాం, వాళ్ళేమో రాత్రి పొద్దుపోయేదాకా వరండాలోనే ఉన్నారు.

ఆ వరండాకే నేను ఐదు నక్షత్రాలు ఇస్తున్నది.

ఎందుకంటే అక్కడ చెయ్యడానికి ఏమీ లేదు. సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి పడుతుంది, మన గడియారమే అయినా మనకంటే బాగా తూర్పున ఉండటంతో సూర్యుడు తొందరగా వెళ్ళిపోతాడు. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేసి 2020లో మంచి నెట్ ఇచ్చామన్నారు గానీ, ఆ వరండాలో మా ఫోన్లకి ఒక గీత వస్తే రెండు గీతలు పోయేవి. అన్నయ్య మొదటి సాయంత్రం సిగ్నల్ కోసం ఫోన్ చేత్తో పైకెత్తి కొబ్బరిచెట్ల కింద తిరిగాడు, వదిన చూసి చూసి "దేవుడికి హారతి అయిందా" అంది. మర్నాటి నుంచి ఊయలలో పడి నిద్రపోయాడు. నేను మా అన్నయ్య పగటిపూట నిద్రపోవడం చూసి ఎన్నేళ్ళయిందో.

ఇంటావిడ తలుపు వెనక ఒక కాగితం అంటించింది, ఆ వారం ఆటు ఎప్పుడు, పోటు ఎప్పుడు అని పెన్నుతో రాసి. మొదట అదేంటో అనుకున్నాం, తర్వాత మా రోజంతా ఆ కాగితం మీదే నడిచింది. ఆటు సమయంలో లక్ష్మణ్‌పూర్ వైపు వెళ్తే సహజంగా ఏర్పడిన రాతి వంతెన దాకా నడవొచ్చు, పోటులో వెళ్తే వంతెన దాకా చేరలేరు. మీకు ట్రావెల్స్ వాళ్ళు "పదింటికి రాతి వంతెన" అని రాసిస్తే ఆటుపోట్లు చూసి రాశారా అని అడగండి, మాకు రాసిచ్చిన వేళకి అక్కడ నీళ్ళే ఉంటాయని ఇంటాయన నవ్వేశాడు. దారి జారుడు రాళ్ళు, పగడపు ముక్కలు, గట్టి చెప్పులు ఉండాలి. అమ్మ రాలేదు. ఆవిడని భరత్‌పూర్‌లో అద్దాల అడుగున్న పడవ ఎక్కించాం, కూర్చున్న చోటు నుంచే పగడాలూ చేపలూ చూసింది. చూసి "అదేం చేప, పులుసుకి బావుంటుందా" అని పడవవాడిని తెలుగులోనే అడిగింది, వాడు హిందీలో ఏదో చెప్పాడు, ఇద్దరూ తృప్తి పడ్డారు.

తిండి సంగతికి వస్తే, మొదటిరోజు చేపల కూర ఆవనూనెలో. నాకు నచ్చింది, పిల్లలకి వాసన పడలేదు, నాన్న మర్యాదకి తిన్నారు. రెండోరోజు అమ్మ బ్యాగులోంచి చింతపండు పొట్లం, కారం సీసా తీసుకుని నేరుగా వాళ్ళ వంటింట్లోకి వెళ్ళింది. నాకు భయమేసింది, ఎవరింట్లో ఎవరు చొరబడతారు అని. ఇంటావిడ పీట వేసి పక్కన కూర్చుని మెంతులు ఎప్పుడు వేస్తుంది, పులుసు ఎప్పుడు పోస్తుంది అన్నీ చూసింది, ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. ఆ రాత్రి వాళ్ళ కుటుంబం, మా కుటుంబం అందరం ఆ పులుసే తిన్నాం. బిల్లులో ఆ భోజనం వెయ్యలేదు, అడిగితే వంట చేసింది మీ అమ్మగారు కదా అన్నాడు ఇంటాయన. చింతపండులో వచ్చిన పిక్కలతో రాత్రి వరండాలో సుద్దతో గళ్ళు గీసి అష్టాచమ్మా. బీచ్ నిండా గవ్వలే గానీ గవ్వలు, పగడాలు ఏరి తెచ్చుకోకూడదు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

నాన్న గురించి చెప్పాలి. వెళ్ళేటప్పుడు ప్యాకేజీలో ఉన్న ప్రైవేటు ఫెర్రీ, మూసిన అద్దాలు, ఏసీ, పెద్ద టీవీలో పాటలు, గరుడ బస్సెక్కినట్టే ఉంది. నీల్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇంటాయనే పూనుకుని ప్రభుత్వ ఫెర్రీలో టికెట్లు ఇప్పించాడు. నెమ్మదిగా వెళ్తుంది, సీట్లు మామూలు, కానీ పైన డెక్ మీద నిలబడనిస్తారు. నాన్న ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా రెయిలింగ్ వదల్లేదు. మనవలిద్దర్నీ చెరో పక్కన పెట్టుకుని ఓడకి ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ ఎందుకో, మన డాల్ఫిన్ నోస్ పక్కనున్న సన్నటి దారిలోంచి అంతంత ఓడల్ని లోపలి హార్బర్‌కి ఎలా తెస్తారో, ఓడని రేవులోకి నడిపించే పైలట్ ఎదురెళ్ళి ఓడ ఎక్కేటప్పుడు తాడు నిచ్చెన ఎలా ఊగుతుందో. మధ్యలో ఎగిరే చేపలు లేస్తే ఆపి చూపించారు. ఆయన ఉద్యోగం గురించి ఇన్ని మాటలు నేను మొదటిసారి విన్నాను, డ్యూటీ నుంచి వచ్చి పేపరు పట్టుకునే నాన్నే మాకు తెలుసు. అన్నయ్య నాకంటే వెనక నిలబడి వింటున్నాడు. ఆ ఫెర్రీ టికెట్ ప్రైవేటు దానికంటే చాలా చవక.

థ్యాంక్స్ చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు. సెలవు కోసం మేనేజర్‌తో పోట్లాడిన అన్నయ్యకి, అమ్మ మందులు ఉదయానివీ రాత్రివీ విడివిడిగా సర్ది తెచ్చిన వదినకి, లిఫ్ట్ లేని హోటల్ గురించి ఇప్పటికీ ఒక్క మాట అనని అమ్మకి. అమ్మ, నాన్న నడవగలిగినప్పుడే వెళ్ళగలిగాం, అది పెద్ద విషయమని వెళ్ళొచ్చాక ఇంకా బాగా తెలుస్తోంది.

హోమ్‌స్టే అందరికీ పడదు. రాత్రి కుక్కలు మొరుగుతాయి, కరెంటు పోతుంది, శాకాహారులకి పప్పు, వంకాయ, ఆలూ తప్ప పెద్దగా ఏమీ దొరకదు, పచ్చళ్ళు తీసుకెళ్ళండి. చిన్న ఆరోగ్య కేంద్రం ఉంది గానీ పెద్దవాళ్ళ మందులు పూర్తిగా మన దగ్గరే ఉండాలి. సిగ్నల్ లేక యూపీఐ మొరాయిస్తుంది, నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి. మే నుంచి వానలు, సముద్రం బాగాలేకపోతే ఫెర్రీలు రద్దవుతాయి, అందుకే ఏ నెలలో వెళ్ళినా తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేట్టు చూసుకోండి. అక్కడి హోటల్‌లో లిఫ్ట్ కావాలంటే ఆఫీసులో అడగొద్దు, హోటల్‌కే ఫోన్ చేసి అడగండి.