గోప్రో బటనా, ఎడిటింగ్‌లో కీవర్డా?

వీడియోలో ముఖ్యమైన క్షణాన్ని తర్వాత వెతుక్కునేలా షూట్ చేస్తూనే గుర్తు పెట్టాలంటే గోప్రో యాక్షన్ కెమెరాలో హైలైట్ ట్యాగ్ ఉంది. రికార్డింగ్ నడుస్తుండగా పక్కనున్న మోడ్ బటన్ నొక్కితే ఆ క్షణం ఎమ్‌పీ4 ఫైల్లోనే నమోదవుతుంది. ఈ రాత్రికే రీల్ పెట్టేవాళ్లకు ఇది చాలు. కాకపోతే అది ఉత్త చుక్కే. అక్కడ నెమలి కనిపించిందో, టైరు పంక్చరైందో చెప్పదు.

ఏడాది తర్వాత వెతకాల్సిన ఫుటేజీకైతే నా ఓటు డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కే. క్లిప్పు వివరాలుండే మెటాడేటా ప్యానెల్లో ‘అరకు’, ‘వాన’, ‘ఘాట్ రోడ్డు’ అని కీవర్డ్‌లు రాసి, కీవర్డ్‌లో ‘వాన’ ఉండాలన్న రూలుతో స్మార్ట్ బిన్ (రూలుకు సరిపోయే క్లిప్పులను చూపే ఫోల్డర్) పెడితే తడిసిన క్లిప్పులన్నీ అందులోకి వాటంతటవే చేరతాయి. కూర్చుని రాయడమే విసుగు, ఒప్పుకోవాలి. పైగా ఆ కీవర్డ్‌లు ఉండేది ప్రాజెక్టు డేటాబేస్‌లో, వీడియో ఫైల్లో కాదు. సిస్టమ్ మార్చేముందు మెటాడేటాను సీఎస్‌వీగా (పట్టికలా తెరుచుకునే టెక్స్ట్ ఫైల్‌గా) ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.