ట్రేడ్‌స్టాట్: తూర్పు ఆసియా పరిశోధన ప్రణాళికకు ఎంతవరకు పనికొస్తుంది?

తూర్పు ఆసియా మీద రాబోయే ఏళ్లలో ఏం పరిశోధించాలో తేల్చుకునేటప్పుడు థింక్ ట్యాంకులు చాలావరకు శిఖరాగ్ర సమావేశాలతో, దక్షిణ చైనా సముద్రంతో మొదలుపెడతాయి. అనంతపురంలో కూర్చుని ఆలోచించేవాళ్లకు ఇంకా గట్టి ఆధారాలు దగ్గర్లోనే ఉన్నాయి. పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా కార్ల ఫ్యాక్టరీ, కర్నూలు వైపు గని-శకునాల సోలార్ పార్కు. వీటి వెనకున్న దిగుమతులను తరచి చూడ్డానికి ఎగుమతి, దిగుమతి లెక్కలిచ్చే కేంద్ర వాణిజ్య శాఖ వారి ట్రేడ్‌స్టాట్ సైటును మించిన ఉచిత సాధనం లేదు. అయితే అది దాచే సంగతులు తెలిశాకే వాడాలి.

ముందు దేశాల పేర్లు. దక్షిణ కొరియా ‘కొరియా ఆర్‌పీ’గా, చైనా ‘చైనా పీ ఆర్‌పీ’గా ఉంటాయి. హాంకాంగ్ వేరే వరుస, దాన్ని వదిలేస్తే చైనా లెక్క తగ్గిపోతుంది. తైవాన్ ఇక్కడ విడిగా దొరుకుతుంది గానీ ఐక్యరాజ్యసమితి వాణిజ్య లెక్కల సైటు కామ్‌ట్రేడ్‌లో ఆ పేరే ఉండదు. ‘ఇతర ఆసియా’ అనే 490 కోడ్ కింద వెతకాలి.

అసలు చిక్కు హెచ్‌ఎస్ కోడ్‌లతో, అంటే సరుకుల రకాలకు అన్ని దేశాలూ వాడే అంకెలతో. కారు విడిభాగాలంటే 8708 ఒక్కటే తీసి నివేదిక రాసేస్తుంటారు. పెట్రోల్ ఇంజన్లు 8407లో, డీజిల్ ఇంజన్లు 8408లో, లిథియం బ్యాటరీలు 850760లో ఉంటాయి. ఇవి కలపకపోతే మనం కొరియా మీద ఎంత ఆధారపడ్డామో తక్కువగా కనబడుతుంది. సోలార్ ఇంకా కష్టం. 2022కు ముందు ఆరంకెల స్థాయిలో సెల్స్, వాటిని కూర్చిన ప్యానెళ్లు (మాడ్యూల్స్), ఎల్‌ఈడీలు అన్నీ 854140లోనే ఉండేవి. 2022 సవరణతో ఎల్‌ఈడీలు 854141కి, సెల్స్ 854142కి, మాడ్యూల్స్ 854143కి విడిపోయాయి. పాత, కొత్త కోడ్‌లను ఒకే గీతగా గీస్తే దిగుమతులు ఒక్కసారిగా పడిపోయినట్టు అనిపిస్తుంది. పడింది సరుకు కాదు, కోడ్. చైనా కంపెనీల మాడ్యూల్స్ వియత్నాం, మలేసియా, థాయిలాండ్ నుంచీ వస్తాయి కాబట్టి ఆ మూడు వరుసలూ తీయాల్సిందే.

వార్షిక పట్టికలో ఒక్కో వెతుకులాటకు రెండేళ్ల అంకెలే వస్తాయి. పదేళ్ల వరుసకు ఐదుసార్లు తీయాలి, విసుగే. లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు. చైనా కస్టమ్స్‌ది జనవరి నుంచి డిసెంబర్. పోల్చాలంటే నెలవారీ విభాగంలోకి వెళ్లాలి. అప్పుడు కూడా అంకెలు కలవవు, ఎందుకంటే ఎగుమతిదారు సరుకు ఓడకెక్కేవరకు అయ్యే ఎఫ్‌ఓబీ విలువ రాస్తే దిగుమతిదారు రవాణా, బీమా కలిపి సీఐఎఫ్ రాస్తాడు. పాత అంకెలను తర్వాత సవరిస్తుంటారు గనుక డౌన్‌లోడ్ చేసిన తేదీని ఫైలు పేరులోనే పెట్టుకోండి.

పెట్టుబడి ఇందులో అస్సలు కనబడదు. గని పార్కులో 350 మెగావాట్లు కట్టింది జపాన్ సాఫ్ట్‌బ్యాంక్ వాటా ఉన్న ఎస్‌బీ ఎనర్జీ, 2021లో దాన్ని అదానీ గ్రీన్ కొంది. ఈ కథ ఏ దిగుమతి పట్టికలోనూ దొరకదు. దిగిన విడిభాగం ఏ జిల్లాకు చేరిందో కూడా తెలియదు. అందుకే ప్రణాళిక రాసే రోజే పెనుకొండ చుట్టూ ఉన్న అనుబంధ పరిశ్రమల సర్వేకు విడిగా బడ్జెట్ పెట్టుకోవాలి. ప్రశ్నపత్రం తెలుగులో, కొరియన్‌లో రెండింటిలోనూ ఉంటేనే కొనుగోలు విభాగం వాళ్ల నుంచి జవాబులు రాబట్టగలరు.