రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ తొలి ఆల్బమ్: ఈమోకు మొదటి గొంతు

ఈమో అనే రాక్ సంగీత శైలి అంటే నుదుటి మీదికి జారే జుట్టు, కాటుక కళ్ళు, నల్లని దుస్తులు అనుకునేవారు 1985లో వాషింగ్టన్ డీసీలోని డిస్కార్డ్ రికార్డ్స్ సంస్థ విడుదల చేసిన రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ బృందపు ఈ ఆల్బమ్‌ను తప్పక వినాలి. ఆ నగరపు హార్డ్‌కోర్ పంక్ (వేగం, హోరు, కోపం నిండిన రాక్ శైలి) కచేరీలు కొట్లాటలతో మొరటుదేరిన కాలంలో, గాయకుడు గై పిచియోటో అదే వేగాన్నీ అదే హోరునూ నిలుపుకొంటూనే, లోకం మీది కోపానికి బదులు తన వియోగాన్నీ పశ్చాత్తాపాన్నీ పాటలుగా మలిచాడు. అతని గొంతు బీటలువారే చోట్లే నన్ను ఎక్కువగా కదిలిస్తాయి. బ్రెండన్ క్యాంటీ డ్రమ్స్ ఆ ఆవేదనకు ఊపిరాడనివ్వని వేగాన్నిస్తాయి. గిటార్ల హోరు అక్కడక్కడ మాటలను మింగేస్తుంది కనుక సాహిత్యాన్ని ఎదురుగా ఉంచుకొని వినడం మంచిది.

ఈమో అన్న ముద్రను పిచియోటో ఎన్నడూ అంగీకరించలేదు. 1994లో సన్నీ డే రియల్ ఎస్టేట్ అనే బృందం ఈ శైలికి నెమ్మదినీ మాధుర్యాన్నీ అద్దింది. 2000 తర్వాత మై కెమికల్ రొమాన్స్ వంటి బృందాల ప్రాచుర్యంతో ఆ పేరు సంగీతం కన్నా వేషధారణకే ఎక్కువగా అంటుకుంది, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కొనేవారు ఈ ఆల్బమ్ పాటలున్న ‘ఎండ్ ఆన్ ఎండ్’ సీడీని ఎంచుకుంటే, ఈ బృందపు 1987 నాటి నాలుగు పాటల ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు) కూడా అందులోనే లభిస్తుంది.