పాత చిల్లర వేరుచేయడానికి జేబు కాటా: మంచి కొనుగోలే

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇళ్లలో పాత చిల్లర ముంతలు ఇంకా ఉన్నాయి. వాటిలో రాగి, నికెల్ ఉన్న నాణేలు ఏరి దాచాలనుకునేవాళ్లకు 200 గ్రాముల దాకా తూచే జేబు కాటా చాలా పనికొస్తుంది. 0.01 గ్రాము దాకా చూపేదే తీసుకోండి. 1 గ్రాము తేడాతో చూపే వంటింటి కాటా దీనికి చాలదు.

ముందు అయస్కాంతం పెట్టండి. 1992లో వచ్చిన స్టీలు రూపాయి (4.85 గ్రాములు) అతుక్కుంటుంది. 75 శాతం రాగి, 25 శాతం నికెల్ ఉన్న పాత రూపాయి అతుక్కోదు. అది మొదట 8 గ్రాములు, తర్వాత 6 గ్రాములు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: 1960ల నాటి అర్ధరూపాయి, పావలా అసలు నికెల్‌వి, కాబట్టి అవీ అతుక్కుంటాయి. స్టీలనుకుని పారేయకండి, సంవత్సరం చూడండి.

అరిగిన నాణెం తక్కువ తూగుతుంది. అందుకే పదేసి కలిపి తూచడం మేలు. 6 గ్రాములవి పది 60కి దగ్గరగా రావాలి. పదకొండు అంచుల పాత రెండు రూపాయలూ 6 గ్రాములే, కనుక వాటిని కంటితోనే వేరుచేయాలి.

కాటాలో లోపం: ఫ్యాను గాలికి, బ్యాటరీ తగ్గినప్పుడు అంకెలు నిలవవు. 100 గ్రాముల గుండు విడిగా కొనాలి, అది లేకుండా సరిచూడలేం.

కరిగించే ఆలోచన మాత్రం వద్దు. 2011 నాణేల చట్టం ప్రకారం అది నేరం.