బూట్‌లో బిగుసుకుపోయే లైనక్స్ మెషీన్‌కి హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ మేలా, సాఫ్ట్‌డాగ్ మేలా?

వాచ్‌డాగ్ అంటే, గడువులోగా ఎవరూ మళ్లీ మొదలుపెట్టకపోతే మెషీన్‌ని రీసెట్ చేసే టైమర్. అది చిప్‌లో ఉంటే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్, లైనక్స్ లోపలే సాఫ్ట్‌వేర్‌గా ఉంటే సాఫ్ట్‌డాగ్. మెషీన్ బూట్ మధ్యలో ఆగిపోతుంటే వాచ్‌డాగ్ పెట్టేద్దాం, అదే రీబూట్ చేసుకుంటుంది అని ముందు అనిపిస్తుంది. నేనూ బయోస్‌లో వాచ్‌డాగ్ ఆన్ చేశాను. అప్పటిదాకా తెర మీద ఆఖరి లైనైనా నిలిచి ఉండేది, ఆ తర్వాత అది చదివేలోపే మెషీన్ మళ్లీ మొదటికి వెళ్లిపోయేది. చివరికి ఫోన్‌తో వీడియో తీసి ఫ్రేమ్ ఫ్రేమ్ జరుపుకుంటూ చూస్తే తెలిసింది, డిస్క్ చెక్ నడుస్తోంది! డిస్క్ పెద్దది, చెక్‌కి టైం పడుతోంది, వాచ్‌డాగ్ డ్రైవర్ ఇంకా లోడ్ కాలేదు కాబట్టి టైమర్‌ని మళ్లీ మొదలుపెట్టేవాళ్లే లేరు. గడువు అయిపోగానే రీసెట్, మళ్లీ చెక్ మొదలు.

అందుకే కారణం వెతుకుతున్నంతసేపూ రెండూ వద్దు. బయోస్‌లో ఆఫ్ చేసి, కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) లైన్‌లో, అంటే బూట్ అప్పుడు దానికిచ్చే ఆప్షన్ల వరుసలో, మెసేజ్‌లను దాచే 'క్వైట్', 'స్ప్లాష్' తీసేసి, ఎక్కడ ఆగుతోందో కళ్లతో చూడండి. 'ఎన్‌ఎంఐ_వాచ్‌డాగ్=0' పెడితే సరిపోతుందనుకోకండి, అది కెర్నెల్ లాకప్‌లను, అంటే కెర్నెల్ బిగుసుకుపోవడాన్ని, కనిపెట్టేది, రీసెట్ చేసే ఈ టైమర్‌తో దానికి సంబంధం లేదు.

కారణం దొరికాక, మనిషి దగ్గర లేని మెషీన్‌కి ఏది పెట్టాలంటే, నా ఓటు హార్డ్‌వేర్‌కే. ఇంటెల్‌లో 'ఐటీసీఓ', ఏఎండీలో 'ఎస్‌పీ5100' డ్రైవర్లు నడిపే టైమర్ చిప్‌సెట్‌లో ఉంటుంది, కెర్నెల్ చచ్చుబడినా అది లెక్కపెడుతూనే ఉంటుంది. సాఫ్ట్‌డాగ్ కెర్నెల్ లోపలి టైమరే, కెర్నెల్ పూర్తిగా బిగుసుకుపోతే అదీ దాంతోపాటే పోతుంది, పైగా ఆ మాడ్యూల్ లోడ్ అయ్యేదాకా అసలు ఉండదు. వాచ్‌డాగ్ పరికరమే లేని వర్చువల్ మెషీన్‌లో, ఏమీ లేనిదానికన్నా నయం, అంతే.

హార్డ్‌వేర్‌లో ఒక మెలిక ఉంది. బయోస్ ముందే ఆన్ చేసిన టైమర్‌ని, డ్రైవర్ లోడ్ అయ్యాక మామూలుగా కెర్నెలే మనకోసం తడుతూ (గడువు అయ్యేలోపు మళ్లీ మొదలుపెడుతూ) ఉంటుంది. అంటే ఆ తర్వాత బూట్ ఏ సర్వీస్ దగ్గర ఆగినా రీసెట్ పడదు, వాచ్‌డాగ్ ఉండీ లేనట్టే. 'వాచ్‌డాగ్.ఓపెన్_టైమౌట్=120' అని కెర్నెల్ లైన్‌లో ఇస్తే, 120 సెకన్లలో ఎవరూ ఆ పరికరాన్ని తెరవకపోతే కెర్నెల్ తట్టడం ఆపేస్తుంది. నా కేసులో డ్రైవర్ డిస్క్ చెక్ కన్నా ముందే లోడ్ అవ్వాలి, ఈ అంకె కూడా చెక్‌కి పట్టే టైం కన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే పాత కథే.

టైమర్‌ని తట్టే పని సిస్టమ్‌డీకి (బూట్‌లో సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఇవ్వాలా, విడిగా వాచ్‌డాగ్ డీమన్‌కా (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్)? ఒకేసారి ఒక్కరే తెరవగలరు, రెండోవాళ్లకి 'బిజీ' అని వస్తుంది. మెషీన్ మీద పని భారం (లోడ్), నెట్‌వర్క్ జవాబు (పింగ్) లాంటివి కూడా చూడాలంటే డీమన్. నాకైతే సిస్టమ్‌డీ చాలు, 'రన్‌టైమ్‌వాచ్‌డాగ్‌సెక్=30' ఒక్క లైన్ రాస్తే 15 సెకన్లకోసారి అదే తడుతుంది. రీబూట్‌కి ముందు షట్‌డౌన్‌లో 'వాచ్‌డాగ్ డిడ్ నాట్ స్టాప్' అని కనిపిస్తే టెన్షన్ పడకండి, షట్‌డౌన్ ఆగిపోయినా రీసెట్ పడాలని కావాలనే అలా వదిలేస్తుంది.

నమ్మేముందు 'డబ్ల్యూడీసీటీఎల్' కమాండ్ కొట్టి పరికరం కనిపిస్తోందో లేదో చూడండి, ఉబుంటు లాంటివి ఈ డ్రైవర్లను వాటంతటవే లోడ్ కాకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెడతాయి. లాగ్‌లో 'నో_రీబూట్' ఫ్లాగ్ (రీసెట్‌ని ఆపే గుర్తు) తీయలేకపోయానని ఉంటే బయోస్ దారి మూసేసినట్టు. ఆ తర్వాత డేటా సేవ్ చేసుకుని, సిస్‌ఆర్‌క్యూ (కెర్నెల్‌కి నేరుగా ఆదేశాలిచ్చే దారి) 'సి'తో కావాలని క్రాష్ చేసి, గడియారం పట్టుకుని ఎదురుచూడండి.