వెనకవైపు చూసి కొనండి: నాలుగేళ్లుగా వాడుతున్న డ్యాక్ కథ

నాలుగేళ్ల క్రితం శ్రావణ మాసంలో పదకొండు వేలు పెట్టి డ్యాక్ కొన్నాను. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో అంకెల రూపంలో ఉన్న పాటను యాంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా అది. "ఆ పని ఫోనే చేస్తోంది కదరా, మళ్లీ విడిగా డబ్బా ఎందుకు?" అన్నారు మా మావయ్య. ఆయనకు సరైన జవాబు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

నాది రాజోలు దగ్గర పల్లెటూరు. రాజమండ్రిలో సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన స్టీరియో యాంప్లిఫయర్, రెండు చిన్న స్పీకర్లు, ఒక పాత ల్యాప్‌టాప్. ఇదే మొత్తం సరంజామా. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి యాంప్లిఫయర్‌కు వైరు పెట్టాను. ఛార్జర్ పెట్టగానే గుయ్‌మని మోత. మౌస్ కదిపితే సన్నగా కీచుమనేది. డ్యాక్ కొంటే ఈ రెండూ పోతాయనుకున్నాను.

కీచు పోయింది. గుయ్ పోలేదు! డబ్బులు దండగైపోయాయని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత తెలిసిందేమంటే, ల్యాప్‌టాప్ ఛార్జర్‌కీ యాంప్లిఫయర్‌కీ రెండింటికీ మూడు పిన్నుల ప్లగ్గులే. గోడలోంచి ఎర్త్ ఒక దారిలో, ఆడియో వైరు మీదుగా ఇంకో దారిలో కలిసి చుట్టు ఏర్పడుతుంది. అందులో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటే స్పీకర్‌లో మోతగా వినపడుతుంది. యూఎస్‌బీ వైరులోనూ గ్రౌండ్ తీగ ఉంటుంది కాబట్టి మధ్యలో డ్యాక్ పెట్టినా ఆ చుట్టు తెగదు. ఛార్జర్ పీకి చూడండి, మోత ఆగిందంటే జబ్బు ఇదే. ఎర్త్ పిన్ను విరిచేసే మహానుభావులున్నారు, ఆ పని మాత్రం చెయ్యకండి.

నన్ను కాపాడింది డబ్బా వెనకున్న ఆప్టికల్ సాకెట్. ఆ వైరులో వెళ్లేది వెలుగే, కరెంటు కాదు. టీవీ నుంచి ఆప్టికల్ వైరు లాగి, పాటలు టీవీలోనే పెట్టుకుందామనుకున్నాను. వైరు రెండు కొసలకూ చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి. అవి తియ్యకుండానే కాసేపు కుస్తీ పట్టాను. తీశాక కొసన ఎర్రటి వెలుగు కనపడింది కానీ చప్పుడు లేదు. రెండు రోజులు డబ్బా పోయిందనే అనుకున్నాను. వాపసు పంపడానికి అట్టపెట్టె కూడా కట్టేశాను. చివరికి చూస్తే టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో డాల్బీలో ఉంది, అంటే శబ్దాన్ని కుదించి పంపే పద్ధతిలో. నాలాంటి మామూలు స్టీరియో డ్యాక్‌కు ఆ భాష రాదు. కుదించకుండా పంపే పీసీఎం అని మార్చగానే బొమ్మతో పాటు మాటా వచ్చింది, మోత లేకుండా.

ఆ సంతోషం సాయంత్రం సీరియల్ దాకానే. "ఏవండీ, రిమోట్ ఎంత నొక్కినా సౌండ్ తగ్గట్లేదేంటండీ?" అని వంటింట్లోంచి కేక. చాలా టీవీల్లో ఆప్టికల్ నుంచి వచ్చే సౌండ్ ఒకే స్థాయిలో ఉంటుంది, టీవీ రిమోట్ మాట వినదు. నా యాంప్లిఫయర్‌కేమో రిమోటే లేదు. నా అదృష్టం కొద్దీ డ్యాక్‌తో వేలెడంత రిమోట్ ఒకటి వచ్చింది. కొనేటప్పుడు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఈ నాలుగేళ్లలో ఎక్కువగా వాడింది దాన్నే.

ఇంతకీ సౌండ్ ఎలా ఉందంటారా? తొమ్మిది వందల రూపాయల డాంగిల్, అంటే యూఎస్‌బీకి తగిలించే వేలెడంత డ్యాక్, పక్కన పెట్టి చూశాను. మొదట డ్యాకే ఎంతో బాగుందనిపించింది. కానీ డ్యాక్ 2 వోల్టులు ఇస్తుంది, ఆ డాంగిల్ 1 వోల్టే. అంటే 6 డెసిబెల్స్ తేడా. గట్టిగా వినపడేదే మన చెవికి బాగున్నట్టుంటుంది. రెండింటి సౌండూ సమానం చేసి, వైర్లు మార్చే పని మా ఆవిడకు అప్పజెప్పి, నేను అటు తిరిగి కూర్చున్నాను. శంకరగుప్తంలో పుట్టిన మావాడే కదా అని బాలమురళీకృష్ణ గారి కచేరీ పెట్టుకున్నాను. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా ఆ మాత్రం వస్తుంది.

పెట్టె మీద 32 బిట్లు, 768 కిలోహెర్ట్జ్ అని రాసుంటుంది. శబ్దాన్ని ఎంత సన్నగా కొలుస్తారో బిట్లు చెబుతాయి, సెకనుకు ఎన్ని వేలసార్లు కొలుస్తారో కిలోహెర్ట్జ్ చెబుతుంది. సీడీకి ఉన్నవి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. దాంతోనే 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది, మనిషి చెవి 20 దాటదు. 16 బిట్లకు అతి గట్టి శబ్దానికీ అతి సన్నటి శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ వ్యత్యాసం వస్తుంది. మా ఇంట్లో పైన ఫ్యాన్, కిటికీ అవతల రొయ్యల చెరువులో రాత్రంతా ఏరేటర్లు. ఆ హోరులో అంతకు మించిన నిశ్శబ్దం ఎవరికి వినపడుతుంది?

డ్యాక్ లోపలి చిప్ పేరు చూసి కొనేవాళ్లూ ఉన్నారు. 2020 అక్టోబరులో జపాన్‌లో ఈ చిప్‌లు చేసే ఏకేఎం వాళ్ల ఫ్యాక్టరీ తగలబడి చిప్‌లకు కరువొచ్చింది, చాలా కంపెనీలు ఈఎస్ఎస్ అనే ఇంకో కంపెనీ చిప్‌లకు మారిపోయాయి. ఆ మార్పును కళ్లు మూసుకుని పట్టేసే చెవి నాకైతే లేదు.

మా వైపు అసలు శత్రువు ఉప్పుగాలి. రెండో ఏడు వానల్లో ఎడమ స్పీకర్ ఉండుండి ఆగిపోయేది. డ్యాక్ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే వైరు కొసనుండే ఆర్‌సీఏ పిన్ను లాగి చూస్తే చుట్టూ పచ్చగా చిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడిచాను. అప్పటినుంచి దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి తుడుస్తున్నాను. డ్యాక్‌తో వచ్చిన 5 వోల్టుల అడాప్టర్ మూడో ఏడు చచ్చిపోయింది. ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జర్ పెడితే సన్నగా ఈల వచ్చింది, ఇంకోటి పెడితే రాలేదు. ఆ రెండోదే ఇప్పటికీ నడుస్తోంది.

పోయిన నెల భీమవరం నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి, "నువ్వు వాడేదే నాకూ ఆర్డర్ పెట్టు అన్నయ్యా" అన్నాడు. ముందు టీవీ వెనక ఫొటో తీసి పంపమన్నాను. కొత్త టీవీ, ఆప్టికల్ సాకెట్ లేనే లేదు. ఏఆర్‌సీ అని రాసున్న, టీవీ సౌండ్‌ను బయటికి పంపే హెచ్‌డీఎంఐ సాకెట్ ఒక్కటే ఉంది. నా డబ్బాకేమో హెచ్‌డీఎంఐ లేదు. ఇప్పుడు వాడి కోసం అది ఉన్న డ్యాక్ వెతుకుతున్నాను.