సైకిలుకి వంద రూపాయల పార్కింగ్: అరకు, పాడేరు, లంబసింగి

ముందు మా సైకిలు ప్రయాణం బిల్లు చెప్తాను, దారి సంగతి తర్వాత. లంబసింగిలో శనివారం రాత్రికి రెండు టెంట్లు 3,600, చలిమంట 500, మూడు బకెట్ల వేడినీళ్ళు 150, పైన కప్పుకోడానికి అడిగిన రెండు దుప్పట్లు 200, సైకిళ్ళ పార్కింగ్ 300. మొత్తం 4,750. పార్కింగ్ అంటే ఏ షెడ్డో అనుకునేరు. టెంటు వెనక ఉన్న సిల్వర్ ఓక్ చెట్టుకి మూడు సైకిళ్ళూ ఆనించి మా గొలుసే మేం వేసుకున్నాం. ఆ చెట్టుకి 300.

వెళ్ళింది ముగ్గురం. నేను, మా బావమరిది, మా ఆఫీసు మిత్రుడు. నవంబరు చివర్లో శుక్రవారం సెలవు పెట్టి విశాఖ నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా అరకు, రెండో రోజు పాడేరు, చింతపల్లి మీదుగా లంబసింగి, మూడో రోజు ఘాట్ దిగి నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా ఇంటికి. రోజుకి వంద కిలోమీటర్ల పైమాటే. ప్లాను నాది, కాబట్టి తిట్లు కూడా నావే.

మొదటి రోజు బాగానే గడిచింది. తెల్లారకముందే బయల్దేరి పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోటలో ఇడ్లీ తిన్నాం, మనిషికి 40. బొడ్డవర దాటాక ఘాట్ మొదలు. ఈ ఘాట్ గురించి అందరూ భయపెడతారు గానీ అది గోడలా నిలబడే ఎక్కుడు కాదు, తీరిగ్గా చాలాసేపు ఎక్కించే రకం. పెడళ్ళ దగ్గరి చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక కాసెట్‌లో, అంటే గేర్ల పళ్ళచక్రాల గుత్తిలో, పెద్దదానికి 32 పళ్ళు ఉంటే మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. మా మిత్రుడికి వెనక 28 మాత్రమే, ప్రతి మలుపులోనూ లేచి నిలబడి తొక్కుతూ నా వంక చూసేవాడు. ఎక్కుతున్నంతసేపూ కిరండూల్ రైలు లైను కొండ మీద కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ లైనులో 58 సొరంగాలు, శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకి రైలు కరెంటు తాగి వెళ్తుంది, మేం అరటిపళ్ళతో వెళ్ళాం అని మా బావమరిది జోకు. బొర్రా గుహలకి మేం పోలేదు, మీరు పోతే మాత్రం క్లీట్ బూట్లతో, అంటే పెడల్‌కి తగిలించుకునే బిళ్ళ అడుగున ఉండే బూట్లతో, ఆ తడి మెట్లు దిగకండి. గాలికొండ దగ్గర కాఫీ 30, బాగుంది. సుంకరిమెట్ట దాటాక తిన్న బొంగు చికెన్ 400, బాగోలేదు, పైన మాడింది, లోపల ఉప్పు తప్ప ఏమీ తగల్లేదు. అరకులో గది ముగ్గురికి 1,200, శుభ్రంగా ఉంది, సైకిళ్ళు గదిలోకి తెచ్చుకోమని వాళ్ళే అన్నారు.

రెండో రోజు పొద్దున్న డుంబ్రిగుడ వైపు వలిసె పూలు ఇంకా కొన్ని చోట్ల ఉన్నాయి. పసుపు ఆరబోసినట్టు మడులకి మడులు. అక్కడ రోడ్డు పక్కన అల్యూమినియం తెపాలా పెట్టుకుని ఒక ముసలావిడ చోడి (రాగి) అంబలి అమ్ముతోంది. గ్లాసు 20. పులిసి, పల్చగా, మీద పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కొరుక్కోడానికి ఓ పచ్చిమిరపకాయ. మొదటి గ్లాసు మర్యాదకి తాగాను, రెండోది ఆకలికి, మూడోది ఎందుకో తెలీదు. బ్యాగులో ఉన్న 80 రూపాయల ఎనర్జీ జెల్ ప్యాకెట్లు ఆ తర్వాత ముట్టుకోలేదు. ఆవిడ నా సైకిలు చుట్టూ ఓసారి తిరిగి, కింద వంగి చూసి, "మోటారేది బాబూ?" అంది. లేదమ్మా, కాళ్ళతోనే అన్నాను. "విశాపట్నం నుంచా? ఏటి, బస్సు దొరకలేదా?" అని నిజంగానే జాలిపడి నాలుగో గ్లాసు ఊరికే పోసింది.

అక్కణ్ణుంచి పాడేరు దాకా రోడ్డు వెడల్పు పనులు. తారు కొంచెం, కంకర కొంచెం, దుమ్ము బోలెడు. 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లతో రాకండి, 28 కూడా చాలదు, 32 పట్టే సైకిలైతేనే రండి. హుకుంపేట దాటాక నాకు పంక్చర్. చేతిపంపు మా మిత్రుడి బ్యాగులో ఉంది, అతను ముందు వెళ్ళిపోయాడు, ఫోన్ సిగ్నల్ లేదు. పంక్చర్ షాపతనికి గాలి మిషన్ ఉంది గానీ మన సన్న వాల్వుకి దాని మూతి పట్టదు. అతను కాసేపు చూసి, బాల్ పెన్ను వెనక రబ్బరు ముక్క కోసి, చిల్లు చేసి, దాన్ని మధ్యలో పెట్టి నొక్కి పట్టుకున్నాడు. సగానికి సగం గాలి బయటికే పోయింది, మిగతా సగం ఎక్కింది. 20 రూపాయలు తీసుకున్నాడు. సన్న వాల్వుకి పెట్టే ఇత్తడి బిళ్ళ షాపులో 50 రూపాయలకే దొరుకుతుంది, ఒకటి జేబులో వేసుకోండి, నాలాగా ఇంట్లో పెట్టి రాకండి.

పాడేరులో భోజనం 120. పప్పు, వంకాయ కూర, రెండోసారి అన్నం అడగకుండానే పెట్టారు. మా మిత్రుడు అక్కడే కాళ్ళు చాపి, "ఇవాళ్టికి ఇక్కడ ఉండిపోదాం, రేపు తెల్లారి వంజంగి కొండ మీద మేఘాలు చూసి వెనక్కి దిగిపోదాం" అన్నాడు. పక్క లాడ్జిలో అడిగితే ముగ్గురికి 900. నేనే వద్దన్నాను. టెంట్లకి 1,800 అడ్వాన్సు కట్టేశాను కదా, అది పోతుందని. నా బతుకులో ఇంత ఖరీదైన పొదుపు ఇంకోటి చెయ్యలేదు.

చింతపల్లి దాటేసరికి చీకటి పడిపోయింది. లంబసింగి మొదట్లోనే కార్ల వరస. ఫోటోలో పచ్చిక మీద దూరం దూరంగా ఉన్న టెంట్లు ఇక్కడ చేపల మార్కెట్లో బుట్టల్లా తాడుకి తాడు తగిలించి ఉన్నాయి. లోపల పరుపు తడి. తడి అంటే చల్లగా ఉందని కాదు, నొక్కితే వేలికి నీళ్ళు అంటాయి. మార్చమంటే "మంచు సార్, అందరికీ అంతే" అన్నాడు ఓనరు. రాత్రి ఒంటిగంట దాకా డీజే. చలిమంట మాది కాదు, పక్క గుంపు వాళ్ళది, మేం పది నిమిషాలు చేతులు కాచుకున్నాం అంతే. పేరుకి రెండు టెంట్లు గానీ ఒకదాంట్లో పరుపు మరీ నానిపోయి ముగ్గురం ఒక్క టెంట్లోనే ముడుచుకున్నాం, మా మిత్రుడు మధ్యలో. తెల్లవార్లూ ఒక్క మాట మాట్లాడలేదు, అది డీజే కన్నా భరించలేకపోయాను.

పొద్దున్న బిల్లు చూసి గొడవకి దిగింది మా బావమరిది. "బావా, నువ్వు ఊరుకో" అని నన్ను పక్కకి తోసి అరగంట వాదించాడు. మంట 500 తీసేశాడు ఓనరు. పార్కింగ్ మాత్రం తియ్యనన్నాడు. "కార్లకి 200 తీసుకుంటాం అన్నా, మీకు సగమే వేశాం." ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. అడ్వాన్సు పోను 2,450 కట్టి బయటపడ్డాం. లంబసింగికి వెళ్ళాలనుంటే మంగళ, బుధవారాల్లో వెళ్ళండి, పరుపు చేత్తో నొక్కి చూశాకే డబ్బులివ్వండి. శనివారమైతే పాడేరులో ఆగిపోండి.

డౌనూరు వైపు దిగే ఘాట్ మాత్రం ఆ డబ్బులన్నీ మర్చిపోయేంత అందంగా ఉంది, మొదటి పది నిమిషాలు. మంచులో ముందు చక్రం తప్ప ఏమీ కనపడదు, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాం, బ్రేకు మీద వేళ్ళు ఉన్నాయో లేవో తెలీదు. గ్లౌజుల మీద కూరగాయల కవర్లు కట్టుకుంటే కొంచెం నయం. రిమ్ బ్రేకుల వాళ్ళు మధ్యలో ఆగి రిమ్ములు చల్లారనివ్వండి. మేం ఆగిన చోట మా మిత్రుడు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. ఈ గూడెం మన్యంలోనే బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు రోడ్డు పనులకి గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు, 1922లో అల్లూరి తిరుగుబాటుకి అదీ ఒక కారణం. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద మొదటి దాడి ఆ ఆగస్టులోనే. నేను ఇదంతా చెప్తుంటే, "వంద రూపాయల పార్కింగ్‌కి నువ్వేం తిరుగుబాటు చేశావురా?" అన్నాడు. పోనీలే, మాట్లాడాడు.

నర్సీపట్నంలో పూరీ హోటలు ముందు ఆగాం. సైకిళ్ళు ఎక్కడ పెట్టాలని అడిగితే హోటలాయన గల్లాపెట్టె పక్కన బియ్యం బస్తాలు జరిపి, లోపలికే తెమ్మన్నాడు. మా బావమరిది ఊరుకోకుండా, "పార్కింగ్ ఎంతండీ?" అన్నాడు. ఆయన మా ముగ్గురి మొహాలూ చూసి, "సైకిలుకి పార్కింగేటి బాబూ, ముందు చట్నీ వేయించుకోండి" అన్నాడు. పూరీ ప్లేటు 45.